చిన్న సిరీకి పెద్ద పాయా

మా అక్క భర్త, మా బావ, పోయిన మంగళవారం పొద్దున హుస్సేనీ ఆలంలోని ఇంట్లో చనిపోయాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడు. అక్క రెండోసారి పిలిచినప్పుడు పలకలేదు. పక్కింటివాళ్ళు మా ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పారు.

మర్నాటి పేపరుకు నాలుగు లైన్లు రాసి ఇచ్చాను. డెస్కులో ఉన్న సబ్ ఎడిటర్ చదివి, వృత్తి రాయలేదన్నాడు. మెకానిక్ అని రాయమన్నాను. ఏ మెకానిక్, కార్లా, పంపులా అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఎందరి చావుల గురించో రాశాను గానీ, మా బావ చేసిన పనికి పేపర్లో వాడే మాట ఒకటి నాకు తట్టలేదు. చివరికి మెకానిక్ అనే అచ్చయింది. అది తప్పు కాదు, చాలదు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

కార్లూ పంపులూ బాగుచేసి ఆయన ఇల్లు నడిపిన మాట నిజమే. కానీ పాతబస్తీలో ఆయనకు పేరొచ్చింది పడవ మోటార్లతో. పడవ వెనక చెక్కకు తగిలించే మోటారు అది. పైన ఇంజన్ ఉంటుంది. దాని కింద నీళ్ళలోకి దిగే పొడుగాటి కాలు, కాలు చివర పళ్ళచక్రాల డబ్బా, దానికి నీళ్ళను వెనక్కి తోసే పంఖా. పోలీసు చర్య అయిన కొన్నేళ్ళకు, అంటే యాభైలలో, దేవిడీలనే పెద్ద బంగళాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుండేవి. నవాబులు బాతుల వేటకు కొనుక్కున్న మోటార్లు ముక్కలై, గురువారం గురువారం సంత జరిగే జుమేరాత్ బజారుకు వచ్చేవి. ఇంజన్ ఒక కబాడీ దుకాణంలో, అంటే పాత ఇనుప సామాను కొట్లో, దొరికితే, కాలు ఇంకో దుకాణంలో దొరికేది. ఏ ఇంజనుకు ఏ కాలు సరిపోతుందో చూసి జతచేయడం బావ పని.

ఆయన పని నేర్చుకున్న కార్ఖానాలో ఇంజనును సిరీ అనేవారు, కింది కాలును పాయా అనేవారు. పొద్దున్నే హోటళ్ళలో అమ్మే మేక తలకూ మేక కాళ్ళకూ ఉన్న పేర్లే అవి. బావ ఆ మాటలను అలాగే ఇంటికి తెచ్చుకున్నాడు.

పాత కిరోసిన్ డబ్బాను బోర్లించి దాని మీద కూర్చునేవాడు. విప్పిన బోల్టులను పౌడరు డబ్బాల మూతల్లో విడివిడిగా పెట్టేవాడు. సిరీ మీది చక్రానికి సుద్దముక్కతో ఒక గీత, పంఖా రెక్కకు ఒక గీత పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, కింద పంఖా ఒక చుట్టు పూర్తయ్యేసరికి పైన చక్రం ఎంత తిరిగిందో చూసేవాడు. బరువు మోసే పడవకు పంఖా నిదానంగా తిరగాలి. షికారు పడవకు అట్లా కాదు. చిన్న సిరీ కింద పెద్ద పాయా పెడితే ఇంజన్ రొప్పుతుంది, కాలిపోతుంది. పెద్ద సిరీ కింద చిన్న పాయా పెడితే లోపలి పళ్ళు రాలిపోతాయి. ఇవన్నీ నాకు ఆయన చెప్పినవే.

వచ్చినవాళ్ళు ముందుగా తమ ఇంజన్ ఎన్ని హార్సులదో చెప్పుకునేవారు. బావ అది వినేవాడు కాదు.

"అది తర్వాత సాబ్. పడవల ఎవలెవలు కూసుంటరు?"

ఒకసారి ఒక పెద్దమనిషి తానూ, ఇద్దరు స్నేహితులూ, వంటవాడూ, కుక్కా అని చెప్పాడు. బావ కాసేపు ఆలోచించి, వంటాయన లావుంటడా అని అడిగాడు. వచ్చినాయన నవ్వాడు గానీ బావ నవ్వలేదు. జవాబు కోసం చూస్తున్నాడు.

నేను అప్పుడే ఒక తెలుగు పేపర్లో చేరి అక్క ఇంట్లో ఉంటున్నాను. బావ పొద్దున్నే అరుగు మీద నిలబడి పేపరు చదివేవాడు. ఒకరోజు నేను రాసిన వార్త మొదటి పేజీలో వచ్చింది. నల్లాల నీళ్ళ గురించి. పైన బారెడు హెడ్డింగు, కింద తిప్పితిప్పి కొడితే ఆరు లైన్లు. బావ చదివి, పేపరు మడిచి, నా చేతికిచ్చాడు.

"బామ్మర్దీ, సిరీ పది హార్సులదున్నది. పాయా ఏది?"

ఆ తర్వాత ఏ వార్త రాసినా, పైన పెట్టిన మాటను కింద ఉన్నది మోస్తుందా అని చూసుకోవడం అలవాటైంది. నాకు ఈ వృత్తిలో గురువులు వేరే ఉన్నారు. వాళ్ళెవరూ ఆ సంగతి అంత తక్కువ మాటల్లో చెప్పలేదు.

ఇక్కడ మా ఇంటి గురించి ఒక మాట చెప్పాలి. మా తాతా, మా బాపూ గుడి సేవలో బతికినవాళ్ళు. మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి రాదు. బావ వాళ్ళ ఇల్లూ అలాంటిదే. పాయా అనే మాట అక్క మొదట విన్నది పెళ్ళయి వచ్చాక, అదీ బావ నోట. ఆమెకు పాయా అంటే నడవలో అడ్డంగా పడి ఉండి, చీర కుచ్చెళ్ళకు నూనె మరకలు చేసే ఇనుప వస్తువు. ఇంకో అర్థం ఉందని ఆమెకు తెలియదు.

మీరాలం చెరువులో నర్సయ్య అని ఒకాయన పడవ నడిపేవాడు. పడవ చేపల గుత్తేదారుది. వలలు వేసేవాళ్ళు అవతలి ఒడ్డున చేపలు పోగుచేస్తే, నర్సయ్య వాటిని పడవలో ఇవతలి కట్టకు తేవాలి. కట్ట కింద బండ్లు ఉంటాయి. ఎండ ముదరకముందే అవి మార్కెట్టుకు కదలాలి. గెడతోనూ తెడ్డుతోనూ నర్సయ్య ఆ పని చేస్తూ వచ్చాడు. ఒక వానాకాలం కట్ట మీద జారి పడ్డాడు. కుడి భుజం తప్పింది. కట్టు కట్టించుకున్నాడు గానీ ఆ చెయ్యి మళ్ళీ తల పైకి లేవలేదు. గుత్తేదారు కొన్నాళ్ళు ఊరుకుని, ఎండాకాలం పని మొదలయ్యే ముందు చెప్పేశాడు. శుక్రవారం తాను కట్ట మీద ఉంటాడు. బండ్లు కదిలేలోపు నిండు పడవ వస్తే సరి, రాకపోతే పడవ తెడ్డు పట్టగలిగిన ఇంకో మనిషికి పోతుంది. నర్సయ్యకు వేరే పని రాదు.

అయితే నర్సయ్య దగ్గర ఒక సిరీ ఉంది. వెనకటి రోజుల్లో ఒక నవాబు బాతుల వేటకు వచ్చినప్పుడల్లా ఆయన పడవ నర్సయ్యే నడిపేవాడు. దేవిడీ ఖాళీ చేసే రోజుల్లో ఆ నవాబు తన పాత మోటారును నర్సయ్యకు ఇచ్చేశాడు. మూడు హార్సుల చిన్న ఇంజన్. దాని పాయా రాళ్ళకు తగిలి పగిలిపోయింది. నర్సయ్య సిరీని గోనెసంచిలో చుట్టి బావ దగ్గరికి తెచ్చాడు. బావ విప్పి చూసి, ఇది బతికే ఉన్నదన్నాడు.

ఇద్దరూ జుమేరాత్ బజారుకు వెళ్ళారు. కబాడీ భాయ్ దగ్గర పది హార్సుల ఇంజనుది పెద్ద పాయా ఒకటి నేల మీద పడి ఉంది. చిన్న పాయా వచ్చే గురువారం వస్తుందని, ఆ పొద్దున్నే వచ్చి తీసుకోకపోతే అడిగినవాళ్ళకు ఇచ్చేస్తానని ఆయన చెప్పాడు. నర్సయ్య మనసు నేల మీదున్న పెద్దదాని మీద పడింది. పెద్ద కాలైతే పెద్ద అడుగు పడుతుంది కదా అని అతని వాదన.

"నీ పిలగానికి నీ చెప్పులు తొడిగి ఉరుకుమను, చూద్దం" అన్నాడు బావ.

బుధవారం బావకు చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పుకుని లోపల పడుకున్నాడు. నర్సయ్య భార్య పోచమ్మ వచ్చి, రేపటి సంగతి ఏం చేయాలని అడిగింది. బావ పడుకున్నచోటి నుంచే అక్కకు చెప్పాడు. అక్క బయటికి వచ్చి పోచమ్మకు చెప్పింది. నేను అప్పుడు ఆఫీసులో ఉన్నాను. ఆ మాటలు తర్వాత అక్క నోటా, పోచమ్మ నోటా ఎన్నోసార్లు విన్నాను. రెండు కథనాలకూ తేడా లేదు.

"రేపు పొద్దుగాల్నే బజార్లకెళ్ళి పాయా తెచ్చుకోండ్రి. చిన్నదే తేవాలె, పెద్దది పనికిరాదన్నడు. సాఫ్ చేసి మధ్యాహ్నంకల్ల ఇక్కడికి తెస్తే మిగతాది ఆయన చూసుకుంటడు."

"జ్వరం మనిషికి చిన్నదే మంచిది అక్కా" అన్నది పోచమ్మ.

ఆ జవాబు అక్కకు కొంచెం వింతగా అనిపించిందట. అయినా తల ఊపింది.

గురువారం మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చి ఇంట్లో ఉన్నాను. పోచమ్మ గుడ్డ వాసెన కట్టిన కుండతో వచ్చింది. వెనకే నర్సయ్య. పొద్దున్నుంచీ చెరువు మీద ఉండి, పాయా వచ్చిందని భార్య చెబితే నేరుగా ఇటు వచ్చాడు. అక్క గుడ్డ విప్పి చూసింది.

"ఏంది పోచమ్మా ఇది?"

"పాయా అక్కా. లేత మేకవి. తెల్లారంగ నుంచి మరుగుతున్నయ్."

అక్క చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. వెనక్కి జరగడానికి కూడా ఆమెకు తోచలేదు. ఇంతలో లోపలి గదిలోంచి బావ గొంతు వినిపించింది.

"మిరియాలు మస్తు పడ్డయ్."

అక్క మెల్లగా అటు తిరిగింది. "మీకెట్ల తెలుసు?"

లోపల దగ్గు వినిపించింది. తర్వాత, "కార్ఖానల వాసన చూసిన" అన్నాడు బావ.

"వాసనేనా?"

"బామ్మర్ది ఉన్నడు. గిప్పుడు అడుగకు, పేపర్ల ఏస్తడు."

నాకు నవ్వొచ్చింది. నర్సయ్యకు రాలేదు. సంగతి అందరికంటే ముందు అర్థమైంది అతనికే. ఎడమచేత్తో గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. తెల్లారితే శుక్రవారం. పోచమ్మ అందరి ముఖాలూ చూసి, ఏమైందని మొగుణ్ణి అడిగింది. ఉస్తాద్ తెమ్మన్నది మోటారు కాలని అతను చెప్పాడు. ఆమె కుండ వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ దుప్పటి కప్పుకునే బయటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఒక గ్లాసు తెమ్మని నాతో అన్నాడు. పోచమ్మ వద్దన్నా వినలేదు. ఆమె చేత పోయించుకుని, వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగా, మా అక్క చూస్తుండగా, ఆ రసం తాగాడు. ఉప్పు సరిపోయిందన్నాడు. అక్క ఆయన తాగిన గ్లాసును తానే తీసుకెళ్ళి కడిగి, అరుగు గూట్లో విడిగా పెట్టింది. పారేయలేదు. మా ఇంటి సంగతి తెలిసినవాళ్ళకు అదెంత పెద్ద విషయమో చెప్పక్కరలేదు.

తర్వాత రిక్షా పిలిపించి బావా, నర్సయ్యా, నేనూ బజారుకు వెళ్ళాం. చిన్న పాయా పొద్దున్నే పోయింది. గాలాల షోకున్న ఒకాయన పట్టుకుపోయాడని కబాడీ భాయ్ చెప్పాడు. పెద్దది అక్కడే ఉంది. బావ దాని పక్కన గొంతుకూర్చుని, పంఖాను వేలితో ఒకసారి తిప్పాడు. తర్వాత రిక్షాలో పెట్టమన్నాడు.

సందెవేళ దాకా అరుగు మీద పని సాగింది. బోల్టు రంధ్రాలు కలవకపోతే మందపాటి రేకు కోసి మధ్యలో పెట్టాడు. లోపలి కడ్డీకి తొడుగు వేశాడు. సుద్ద గీతలు పెట్టి చూశాడు. పంఖా ఆ చిన్న సిరీకి చాలా బరువు. రెక్కల అంచులు కోస్తే బరువు తగ్గుతుందని నాకే తెలుస్తోంది. కోయవచ్చు కదా అన్నాను.

"కోసిన రెక్క మళ్ళ పెరుగది" అన్నాడు.

అది ఆయన మొదటినుంచీ పాటించిన నియమం. దేని సిరీ అయినా ఎప్పుడో ఒక గురువారం బజారుకు రావచ్చని, వచ్చిననాడు దాని పాయా దానికి చెక్కుచెదరకుండా దొరకాలని ఆయన నమ్మకం. పంఖా కోయమని అడిగినవాళ్ళను తిప్పి పంపడం నేను చాలాసార్లు చూశాను.

అంతా బిగించాక నర్సయ్యకు ఉన్నమాట చెప్పాడు. "ఇది తప్పు జోడీ నర్సయ్యా. ఉరుకది, నడుస్తది. అది గూడ నేను గట్టిగ చెప్ప."

"పడవల ఉన్నయి సచ్చిన చేపలే గద ఉస్తాద్. వాటికేం తొందర."

బావ దగ్గుతూనే నవ్వాడు. "తొందర గుత్తేదారుకున్నది."

శుక్రవారం తెల్లవారేసరికి పనిముట్ల సంచితో చెరువు దగ్గర ఉన్నాం. పాయా పొడుగు ఎక్కువై అడుగున బురదకు తగిలింది. బావ పడవ వెనక చెక్క మీద ఇంకో చెక్క పెట్టించి మోటారును పైకి లేపాడు. భుజం వల్ల నర్సయ్య తాడును ఎడమచేత్తో లాగాడు. మేం ముగ్గురమే ఉన్న ఖాళీ పడవ అవతలి ఒడ్డుకు ఎలాగో చేరింది. చేపల గంపలు నింపుకుని వెనక్కి తిరిగాక అసలు బరువు తెలిసింది. ఇంజన్ మూలగసాగింది. నీలంరంగు పొగ వచ్చింది. సిరీ మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. చెరువు నడుమకు వచ్చాక బావ దాన్ని ఆపేశాడు.

దూరంగా కట్ట మీద బండ్లు కనిపిస్తున్నాయి. నర్సయ్య గెడ తీసుకుని ఎడమచేత్తో తోశాడు. పడవ ఉన్నచోటే తిరిగింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ తిరిగింది. గెడ పడవలో పెట్టేసి, గంపల మీద తడిగుడ్డలు సర్దుతూ కూర్చున్నాడు.

బావ పాయాను నీళ్ళలోంచి పైకి లేపి, లోపలికి వంచాడు. పంఖా రెక్క మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉన్నాడు.

"దీని సిరీ యాడనో ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత, "రానీ. వచ్చిననాడు చూస్తం. బామ్మర్దీ, రంపం ఇయ్యి."

అంత జ్వరంలోనూ కోత వంకరపోలేదు. మొదటి రెక్క నుంచి తెగిన ముక్కను మిగతా రెక్కల మీద పెట్టి, అంతే కొలతకు గీసి కోశాడు. ముక్కలను చెరువులో పారేయకుండా అంగీ జేబులో వేసుకున్నాడు. పాయాను కిందికి దించాడు. నర్సయ్య తాడు లాగాడు.

ఈసారి ఇంజన్ మూలగలేదు. కొంచెం కొంచెంగా వేగం అందుకుని, ఒకే గొంతుతో మోగింది. పడవ కదిలింది. ఒడ్డున నడిచే మనిషి మమ్మల్ని దాటిపోగలడు. కానీ ఆగలేదు. కట్టకు చేరేసరికి ఎడ్లను కాడికి కడుతున్నారు. గుత్తేదారు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది నర్సయ్యా, ఎడ్లబండి లెక్క వస్తున్నవ్?"

"ఎడ్లబండి యాళ్ళకు వచ్చింది గద సేట్."

గుత్తేదారు ఒక గంపలోంచి చేపను తీసి, మొప్ప ఎత్తి చూసి, మళ్ళీ గంపలో వేశాడు. బండ్లకు ఎత్తమని మనుషులకు సైగ చేశాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు.

"రేపు ఇంకింత ముందుగాల బయలెల్లు."

రేపు అన్న మాట వినగానే నర్సయ్య బావ వైపు చూశాడు. బావ చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా.

నర్సయ్య ఆ పడవను చాలా ఏళ్ళు నడిపాడు. కొంతకాలానికి బజారులో సరైన చిన్న పాయా దొరికితే బావ తీసుకెళ్ళి మార్చి వచ్చాడు. కోసిన పంఖాను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆ జత గురించి ఎవరైనా పొగిడితే ఒప్పుకునేవాడు కాదు. "తప్పు జోడీయే" అనేవాడు. "ఆ దినం గదే ఉండె."

నర్సయ్య ఇప్పుడు లేడు. మొన్న బావ పోయిన మూడోరోజు పోచమ్మ వచ్చింది. చూపు సరిగా ఆనడం లేదు. కోడలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. పోచమ్మ అక్క పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత, ఆ జ్వరం నా పాయాకే తగ్గింది అక్కా, నువ్వు ఒప్పుకోవు గానీ, అన్నది. అక్క, ఒప్పుకుంటున్న పోచమ్మా అని, మూడురోజుల్లో మొదటిసారి నవ్వింది. వెంటనే ఏడ్చింది.

నాకు ఆ శుక్రవారంలోనే ఇంకొకటి గుర్తుంది. బండ్లు వెళ్ళిపోయాక, అవతల ఉన్న వలలు తేవడానికి నర్సయ్య ఒక్కడే మళ్ళీ పడవ తీశాడు. బావ కట్ట మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఒళ్ళు కాలుతోంది. అక్క తిడుతుంది, లే, ఇంటికి పోదామన్నాను. ఆయన కదలలేదు. ఎండకు నీళ్ళు మెరుస్తూ ఉంటే కాసేపటికి పడవ కంటికి ఆనడం మానేసింది. ఇంజన్ చప్పుడు మాత్రం వస్తోంది. లేపుదామని ఆయన చంక కింద చెయ్యి పెట్టాను. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగు. అవతలి ఒడ్డు తగలనీ."

పక్కన కూర్చున్నాను. చప్పుడు సన్నబడుతూ పోయి, ఆగింది. ఆగిన తర్వాత కూడా బావ ఆ నీళ్ళ వైపే చూస్తూ ఉన్నాడు.